ఎడమా కుడీ కలిస్తే సున్నా

మార్చి 8, శుక్రవారం

ముందుగా క్షమాపణలు.

ఈ నోటుపుస్తకాన్ని అడక్కుండా తెచ్చుకున్నందుకు మా కంపెనీ స్టోరు బీరువాకు క్షమాపణలు. ప్రతి పేజీ నెత్తిన “ప్రయోగము, ఉద్దేశము, ఫలితము” అని శ్రద్ధగా అచ్చు వేసిన పుణ్యాత్ములకు, ఆ గడుల్లో నా సొంత గోల నింపబోతున్నందుకు క్షమాపణలు. నా దస్తూరీ చూసి ఏడో తరగతిలోనే నాకు దణ్ణం పెట్టేసిన మాస్టారికి, ఇంజనీరింగు చదివితే పిల్లాడికి బుద్ధి వస్తుందని నమ్మిన అమ్మానాన్నలకు, ఈ కాగితం కోసం నేలకొరిగిన చెట్టుకు, ముందుముందు దీన్ని తవ్వి తీసి తలలు పట్టుకోబోయే పరిశోధకులకు, సమస్త జీవకోటికి, చేతులు కట్టుకుని, అవసరమైతే పది గుంజీలు తీసి, క్షమాపణలు.

హమ్మయ్య. అందరికీ చెప్పేశాను. ఎవరూ మిగల్లేదు.

డైరీ ఇవాళే ఎందుకు మొదలుపెట్టానంటే ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. పెద్దవాళ్ళందరూ రాశారు కదా అని.

ఇవాళ కంటి ఆస్పత్రిలో మా పిలుపు పెట్టెకు ప్రారంభోత్సవం. డాక్టరు తన గదిలో బటను నొక్కితే, హాల్లో గోడకున్న పెట్టె ముందు గంట కొడుతుంది. తర్వాత ఒక గొంతు ఫలానా నంబరు వాళ్ళు ఫలానా గదికి రండి అంటుంది. కళ్ళలో చుక్కలు వేసుకుని కూర్చున్న జనానికి బోర్డు మీద అంకెలు వెలిగించి లాభం లేదు, వాళ్ళకు బోర్డూ ఒకటే, గోడా ఒకటే. చెవులే దిక్కు. అందుకని పన్నెండు పెట్టెలు కావాలన్నారు. మొదటిది ఇవాళ బిగించాం.

ఆ గొంతు టంకమక్కది. మా కంపెనీలో తొమ్మిదేళ్ళుగా బోర్డులన్నిటికీ టంకం పెట్టి వైర్లు అతికేది ఆవిడే. బిరుదు నేనిచ్చిందే. తన గొంతు గోడ మీంచి ఎలా వస్తుందో వినాలని ఇవాళ ఒక పూట సెలవు పెట్టి మరీ వచ్చింది. వాళ్ళాయన్ని కూడా రమ్మంటే, ఇంట్లో వినేది చాలదా అన్నాడట.

డాక్టరుగారు నొక్కారు. గంట మోగింది, టింగ్‌టాంగ్ అని, కమ్మగా. ముప్పై మంది తలలెత్తారు. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ నొక్కారు. టింగ్‌టాంగ్. ఏమీ లేదు.

“ఏమిటండీ ఇది, తలుపు కొట్టి పలక్కుండా నిలబడే చుట్టంలా ఉందే!” అన్నాడు ముందు వరస పెద్దాయన.

మూడోసారి గంటకు ఒకాయన ధైర్యం చేసి లేచి, ఎవర్నీ అడక్కుండా చీపుర్ల గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్క నవ్వలేదు. “నా గొంతేది తమ్ముడూ?” అంది, ఎవరో తన చెప్పులు వేసుకుపోయినట్టు.

ఫోటో సార్ అక్కను ఆఫీసుకు పంపేసి, తాను ఇంకో పని మీద వెళుతూ, నాలుగింటికల్లా మాట రావాలని నాకు చెప్పారు. ఫోటో సార్ అంటే మా యజమాని. ఆయనకు నోటిమాట ఎక్కదు. స్క్రూ బిగించామంటే ఫోటో. పార్సెల్ వెళ్ళిందంటే ఫోటో. జ్వరమని సెలవడిగితే థర్మామీటరు ఫోటో.

పెట్టె దింపి, మందుల గది పక్కన బల్ల మీద పెట్టి తెరిచాను. చూడవలసింది చూశాను, చేయవలసింది చేశాను. ఫోటో పంపాను. గొంతు వచ్చింది.

“ఏంట్రా ప్రాబ్లం?” అన్నారు సార్ ఫోన్లో.

“లూజ్ కాంటాక్ట్ సార్. యాంప్లిఫయర్ వైరు.”

“మరి గంటెలా మోగింది?”

“గంటంటే పెద్ద చప్పుడు కదా సార్, వైరు లూజుగా ఉన్నా దూకేస్తుంది. మాట మెత్తగా ఉంటుంది, దూకలేకపోయింది.”

“శభాష్!”

ధ్వనిశాస్త్రంలో ఇలాంటి సిద్ధాంతాన్ని ఇంతవరకూ ఎవరూ ప్రతిపాదించలేదు.

నేను ఎవరి పేరూ చెప్పలేదు. పరిశోధకులు ఈ విషయం గమనించాలి.

మార్చి 9, శనివారం

పరిశోధకుల సౌకర్యార్థం అసలు సంగతి.

పెట్టెలో కోడెక్ అని ఒక చిప్పు ఉంటుంది. దాని ఉద్యోగం అంకెల్ని చప్పుడుగా మార్చడం. దానికి రెండు నోళ్ళు, ఎడమది, కుడిది. మా పాత పెట్టెలో స్పీకరును ఆ రెండు నోళ్ళ మధ్యనే నేరుగా తగిలించాం. ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగితే చప్పుడు పెద్దదవుతుంది. అందుకని కుడిదాన్ని తలకిందులు చేసే సెట్టింగు ఒకటి పెట్టాం. ఆస్పత్రి హాలు పెద్దది కాబట్టి కొత్త పెట్టెకు బయట వేరే యాంప్లిఫయర్ పెట్టాం. దానికి ఒకటే చెవి. ఎడమా కుడీ కలిపి ఒకే ధారగా, అంటే మోనోగా, ఆ చెవిలో పోయాలి. ఆ పని నాకిచ్చారు. నేను పాత సెట్టింగులన్నీ ఎత్తి కొత్తదాంట్లో పెట్టి, చివర మోనో లైను ఒకటి చేర్చాను. కుడిని తలకిందులు చేసే లైను మాత్రం తియ్యలేదు.

మాట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఎడమ నుంచి తిన్నగా వచ్చేదీ, కుడి నుంచి తలకిందులుగా వచ్చేదీ కలిస్తే సున్నా. గంటను మాత్రం ఎడమకొకలా, కుడికొకలా చేశాం. దానికీ దీనికీ పొత్తు కుదరక బతికిపోయింది.

పరీక్షించలేదా అంటే, ఎందుకు పరీక్షించలేదు! ఈల శబ్దం వేసి పెట్టెను పరీక్షించాను. కిటికీలు అదిరాయి. ఆ ఈల ఫైలులో ఎడమ వైపు మాత్రమే ఉందనీ, కుడి వైపు ఖాళీ అనీ నాకు తట్టలేదు. అక్క గొంతును కంప్యూటరులో విన్నాను. బ్రహ్మాండం. పెట్టె బాగుంది, గొంతు బాగుంది, కనుక పెట్టెలో గొంతు బాగుంటుందని తీర్మానించి, పరీక్ష కాగితంలో “గొంతు విన్నాను” అన్న చోట టిక్కు పెట్టాను. తర్కంలో దోషం ఎక్కడుందో చెప్పండి చూద్దాం.

ఒక్క లైను. ఆ లైనులో ఒక్క అంకె. ఒకటి ఉన్నచోట సున్నా వేస్తే సరిపోయింది. ఇంతకు వెయ్యి రెట్లు పెద్ద తప్పులు చేసినవాళ్ళు శాలువాలు కప్పించుకుని తిరుగుతున్నారు.

గొంతు రికార్డు చేసిన రోజు గుర్తొస్తోంది. “నలభై రెండవ సంఖ్య గలవారు మూడవ గదికి విచ్చేయవలసినదిగా ప్రార్థన” అని నేను మహా గంభీరంగా రాసిచ్చాను.

అక్క చదివి, “ఇంత పొడుగు పిలిస్తే పూర్తయ్యేలోపు వాళ్ళకు చూపొచ్చేస్తుంది తమ్ముడూ” అంది. తనే మార్చుకుని చెప్పింది. “నలభై రెండో నంబరు వాళ్ళు మూడో గదికి రండి. నెమ్మదిగా రండి.”

నెమ్మదిగా ఎందుకక్కా అంటే, “చుక్కలేసుకుని హడావిడిగా లేస్తే కుర్చీలకు తగులుకోరూ?” అంది. ఇంత చదువు చదివినా నాకది తోచలేదు.

వచ్చే ఒకటో తారీకు నుంచి అక్క బెంచికి, అంటే టంకం పని జరిగే బల్లకు, ఇన్‌చార్జి. కొత్తగా ఇద్దరమ్మాయిలు వస్తారు, వాళ్ళకు ఈవిడే పని నేర్పాలి. తొమ్మిదేళ్ళకు వచ్చిన మాట. ఇంట్లో అప్పుడే “ఇన్‌చార్జిగారూ, కూరలో ఉప్పు లేదండీ” అని ఏడిపిస్తున్నారట.

సోమవారం సార్‌కు చెప్పేస్తాను.

మార్చి 10, ఆదివారం

ఆదివారం. ఏమీ చేయలేదు.

ఏమీ చేయలేదు అనే నేను మొదట్నుంచీ అంటున్నది.

మార్చి 11, సోమవారం

చెప్పడానికే వెళ్ళాను. అప్పటికే అందరూ సార్ గదిలో ఉన్నారు. గోడ మీది పెద్ద తెరపై నా ఫోటో. నా ఫోటో అంటే నేను పంపిన ఫోటో. యాంప్లిఫయర్ బోర్డు, దాని పక్కన గాల్లోకి లేచి ఉన్న ఎర్ర వైరు.

“ఏంటమ్మా ఇది?” అన్నారు సార్.

అక్క తెర దగ్గరకు వెళ్ళింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఇంకా దగ్గరకు వెళ్ళింది.

“సార్, ఇది ఊడిన వైరు కాదు సార్.”

“మరేంటి, ఎగిరిన వైరా?”

“ఊడితే కొన పొడిగా, బూడిద రంగులో ఉంటుంది సార్. ఇది మెరుస్తోంది చూడండి. సాగినట్టుంది.”

“అమ్మా, ఫోటోతో వాదిస్తావేంటమ్మా?”

“వాదించట్లేదు సార్. నేను పెట్టిన టంకం నాకు తెలీదా?”

“అందరికీ వాళ్ళ పని బాగానే ఉంటుంది. అక్కడ పేషెంట్లు చీపుర్ల గదిలోకి పోతున్నారు!”

ఎవరో కిసుక్కుమన్నారు. చీపుర్ల గది కథ ఆఫీసులో అందరికీ చెప్పింది నేనే, యాక్షనుతో సహా. అక్క నా వైపు చూసింది. నేను టీ కప్పులోకి చూశాను. కప్పులో ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాను.

తీర్పు. మిగిలిన పదకొండు పెట్టెల వైర్లూ అక్క విప్పి మళ్ళీ అతకాలి. అది అయ్యాక కొన్నాళ్ళు ప్యాకింగు బల్ల. ఇన్‌చార్జి సంగతి “తర్వాత చూద్దాం.” అప్పటిదాకా బెంచి ఎవరు చూసుకుంటారు? అరగంటలో లోపం పట్టుకున్న మేధావి.

“నువ్వే చూడాలిరా ప్రొఫెసర్” అని సార్ నా భుజం తట్టారు.

“నేనా సార్? నాకు టంకం పెట్టడమే సరిగా రాదు” అన్నాను. జోకనుకుని అందరూ నవ్వారు. అది ఈ వారంలో నేను చెప్పిన మొట్టమొదటి నిజం.

అక్కకు అలా అనిపించి ఉంటుంది. మెరవడం, సాగడం. ఫోటోల్లో వెలుతురు పడితే ఏదైనా మెరుస్తుంది.

మార్చి 12, మంగళవారం

పదకొండు బోర్డులు. మొత్తం వైర్లు నలభై నాలుగు. అన్నీ బాగున్న వైర్లే. అక్క ఒక్కొక్కటీ కరిగించి, తీసి, తుడిచి, మళ్ళీ పెడుతోంది. కాబోయే ఇన్‌చార్జిని కాబట్టి పక్కన కూర్చుని నేర్చుకోమన్నారు.

“వేడి టంకానికి కాదు తమ్ముడూ, బోర్డుకివ్వాలి. బోర్డు వేడెక్కితే టంకం తనే పారుతుంది. నువ్వు ముద్ద చేసి పూస్తావు, గోడకు సున్నం కొట్టినట్టు.”

“నాది కళాత్మక శైలి అక్కా.”

“నీ శైలి చూస్తే ఎలుక ఏదో కొరికి వదిలేసినట్టుంటుంది.”

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. మామూలు రోజులాగే ఉంది కాసేపు. ఆరో బోర్డు దగ్గర ఆగి, ఇంకా విప్పని ఒక వైరు చూపించింది.

“లాగు.”

“ఎందుకక్కా?”

“లాగు, చెప్తాను.”

లాగాను. రాలేదు.

“గట్టిగా లాగు. అన్నం తిన్లేదా?”

బోర్డు బల్ల మీంచి లేచింది గానీ వైరు రాలేదు.

“మరి అదెలా ఊడింది?” అంది.

నన్నడగలేదు. బోర్డునడిగింది.

ఆవిడ తలొంచుకుని పని చేసుకుంటుంటే, నేను పదకొండు పెట్టెల్లోకీ కొత్త సెట్టింగులు ఎక్కించాను. ప్రతి పెట్టెకూ అర నిమిషం. కుడి తలకిందులు లైనులో సున్నా. ఆవిడకు ఒక్కో బోర్డుకు ముప్పావు గంట.

మార్చి 13, బుధవారం

చెల్లెలు: “అన్నయ్యా, జోకులకు సెలవా?”

నేను: “మహానుభావులు మౌనం పాటించే వారమిది.”

చెల్లెలు: “మహానుభావా, చారనుకుని మంచినీళ్ళు కలుపుకున్నావు.”

తిన్నాను. పారేస్తే ఎందుకని అడుగుతుంది.

మార్చి 14, గురువారం

మిగిలిన పెట్టెలు బిగించడానికి ఆస్పత్రికి వెళ్ళాను. మొదటి పెట్టె ఆరు రోజులుగా పలుకుతోంది. నిచ్చెన మీద నిలబడి పని చేసుకుంటుంటే రెండు చేతుల దూరంలో టింగ్‌టాంగ్ అని, తర్వాత అక్క.

“పదిహేడో నంబరు వాళ్ళు రెండో గదికి రండి. నెమ్మదిగా రండి.”

ఒకావిడ కుర్చీ చేతులు తడుముకుంటూ, ఆ చివరి మాట అయ్యాకే లేచింది. అందరూ అలాగే లేస్తున్నారు. చివరి మాటదాకా ఆగి, అప్పుడు.

“ఎవరోగానీ ఈ అమ్మాయి, మా కోడలు కూడా ఇంత మర్యాదగా పిలవదు” అన్నాడు ఒకాయన.

“రికార్డింగు తాతగారూ” అంది నర్సు. తర్వాత నన్ను చూపించి, “ఇదిగో, మాటొచ్చేలా చేసింది ఈయనే.”

ఆయన కళ్ళు కనిపించక నా నిచ్చెనకు నమస్కారం పెట్టాడు.

రోజంతా అక్క నన్ను నెమ్మదిగా రమ్మంటూనే ఉంది. రెండొందల సార్లు ఉంటుంది. ఎక్కడికి రావాలో కూడా చెబుతూనే ఉంది.

మార్చి 15, శుక్రవారం

అక్క ప్యాకింగు బల్లకు మారింది. అట్టపెట్టెలు, థర్మోకోలు, టేపు. టంకం పొగ లేనందుకు దగ్గు తగ్గుతుందని తనే అందరికీ చెబుతోంది.

ఆవిడ కుర్చీలో నేను కూర్చోలేదు. వేరే కుర్చీ తెచ్చుకున్నాను. ఇది కూడా గమనించాలి.

మార్చి 16, శనివారం

ఇవాళ చెప్పాను. అవును, చెప్పాను! ఫోటో సార్ గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, నిలబడి చెప్పాను.

“సార్, అసలు దోషిని నేను.”

“దేంట్లోరా?”

“ఆస్పత్రి పెట్టె సార్. తప్పు వైరుది కాదు. నాది. నన్ను శిక్షించండి.”

నా గొంతు వణికింది. వణికితే బాగుండదని కాస్త నాటకం కలిపాను. నాకది అలవాటు, ఆపినా ఆగదు. రెండు చేతులూ ముందుకు చాచి, బేడీలు వేయమన్నట్టు పట్టుకున్నాను. సార్ పొట్ట పట్టుకుని నవ్వారు.

“పదమూడేళ్ళ నుంచి నడుపుతున్నా కంపెనీ, నీలాంటివాణ్ణి చూళ్ళేదురా. అక్క మీద జాలి కదా? మంచిదే. కానీ ఫోటో ఉంది కదరా బాబూ.”

ఫోటో ఉంది.

“ఇంకో పదిహేను రోజుల్లో కొత్తమ్మాయిలొస్తారు. మంగళవారం ఎవరెవరు ఎక్కడో కాగితం అతికిస్తా. అతికించాక మార్చేది లేదు. నీ వేషాలు తగ్గించుకో, ఇన్‌చార్జివి నువ్వు.”

బయటికి వచ్చాను. నేను చెప్పాను, ఆయన నమ్మలేదు. నా వైపు నుంచి లోటు లేదు.

బేడీల దగ్గర లోటు ఉంది.

మార్చి 17, ఆదివారం

లేదు, నేను చెప్పలేదు.

మార్చి 18, సోమవారం

మధ్యాహ్నం భోజనాలప్పుడు ప్యాకింగు బల్ల దగ్గరకు వెళ్ళాను. అక్క ఒక్కతే ఉంది. ఈసారి చేతులు జేబుల్లో పెట్టుకున్నాను, అవి వేషాలు వెయ్యకుండా.

కోడెక్ సంగతి చెప్పాను. రెండు నోళ్ళూ, ఒక చెవీ, తలకిందుల లైనూ, ఈల ఫైలూ, టిక్కూ. ఎడమా కుడీ కలిస్తే సున్నా అవుతుందని అట్టపెట్టె మూత మీద పెన్నుతో బొమ్మ గీసి చూపించాను. ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

“అంటే నేను మాట్లాడుతూనే ఉన్నానా లోపల?”

“ఆ అక్కా. రెండు వైపుల నుంచీ మాట్లాడావు. నా లైనే రెండిటికీ తగువు పెట్టింది.”

నవ్వింది. నిజంగానే నవ్వింది. “ఇంతేనా తమ్ముడూ! దీనికా వారం రోజుల్నుంచి మొహం అలా పెట్టుకు తిరుగుతున్నావు? నేను చేరిన కొత్తలో బ్యాటరీ తిరగేసి పెట్టి సార్ మీసం సగం కాల్చాను. అప్పట్నుంచే ఆయన మీసం తీసేశాడు, తెలుసా నీకు? తప్పులు అందరం చేస్తాం.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికా అనిపించింది. అప్పుడు టేపు చుట్ట చేతిలోకి తీసుకుని, అలాగే పట్టుకుని అడిగింది.

“మరి ఫోటోలో ఆ వైరు?”

కింద వీధిలో ఏదో బండి వెనక్కి వస్తూ కుయ్‌కుయ్‌మంటోంది. అది ఆగేదాకా ఆగాను.

“తెలీదక్కా” అన్నాను.

“ఓహో” అంది. టేపు లాగి అట్టపెట్టెకు అంటించింది. కాసేపటికి, నా వైపు చూడకుండా, మామూలుగా ఇంటి కబురు చెబుతున్నట్టే చెప్పింది.

“నేను పెట్టిందే ఊడి ఉంటుందిలే. ఈ మధ్య నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది తమ్ముడూ. పొయ్యి ఆపానో లేదో అని రెండుసార్లు వెనక్కి వెళుతున్నా. నిన్న సగం దారిలోంచి ఇంటికెళ్ళాను, తాళం వేశానా లేదా అని. వేసే ఉంది. ఆయన నవ్వుతున్నాడు. చూపు తగ్గిందేమో, ఒకసారి ఆ కంటి ఆస్పత్రికే వెళ్ళి చూపించుకోమంటున్నాడు. వెళితే నా గొంతే నన్ను పిలుస్తుంది కదా, ఎంత సిగ్గు!”

తన జోకుకు తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎక్కడ చూసినా ముందు నవ్వేవాణ్ణి నేను.

ఆవిడ చేతులు చూశాను. చూపుడు వేలి మీద, బొటనవేలి పక్కన, పాత కాలిన మచ్చలు. తొమ్మిదేళ్ళుగా ఆ రెండు చేతులనూ నమ్ముకుని ఉంది.

మార్చి 19, మంగళవారం

సార్ పదకొండింటికి వస్తారు. రాగానే కాగితం అతికిస్తారు. ఇప్పుడు పదిన్నర. మెట్ల మీద కూర్చున్నాను. ఆయన గదిలోకి వెళ్ళకముందు, చెప్పబోయేది ఇక్కడ ఒకసారి రాసుకుంటున్నాను. ఎక్కడైనా జోకు పడితే ఆయన నవ్వేస్తారు. నవ్వితే నేను ఊరుకుంటాను. అందుకని.

అక్క లోపలే ఉంది. ముందు ఆవిణ్ణి గదిలోకి పిలిచి, ఆవిడ ఎదుటే చెబుతాను.

ఎనిమిదో తారీకు మధ్యాహ్నం మూడూ పదికి ఆస్పత్రిలో లోపం ఏమిటో నాకు తెలిసింది. అది నా లైను. సరిచేశాను. బల్ల మీదే పరీక్షించాను, గొంతు వచ్చింది. మూత బిగించాను. అప్పటికి పెట్టెలో వైర్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

మూడున్నరకు సార్ నుంచి మెసేజీ వచ్చింది. లోపం ఫోటో పంపు అని. ఫోటో తీయడానికి నా దగ్గర ఉన్నది కంప్యూటరులో ఆ లైను, దాని పక్కన దాన్ని రాసినవాడి పేరు. అది తీసి పంపితే సరిపోయేది.

నేను మూత మళ్ళీ విప్పాను. ఎర్ర వైరును ముందు చేత్తో లాగి చూశాను. రాలేదు. సంచీలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి ప్లగ్గులో పెట్టాను. అది వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఎవరూ రాలేదు, ఏమీ అడగలేదు. మానేయడానికి ఆ సమయం చాలు.

వేడెక్కింది. అక్క పెట్టిన టంకం మీద ఆనించాను. కరిగింది. వైరు లాగాను. ఫోటోలో బాగా కనపడాలని కొనను కొంచెం పైకి వంచాను. ఫోటో తీసి పంపాను. తర్వాత మళ్ళీ అతికించాను. ఆ పెట్టెలో సరిగా లేని టంకం అదొక్కటే, అది నాది.

ఆ వైరు ఊడలేదు. నేను ఊడబెరికాను.